అమ్మమ్మల వరస వెతికే టెస్ట్: ఫ్యామిలీట్రీడీఎన్‌ఏ ఎంటీ ఫుల్ సీక్వెన్స్ రివ్యూ

డీఎన్‌ఏ టెస్ట్ అనగానే మనవాళ్లు అడిగేది ఒకటే, "మనం ఎక్కణ్నుంచి వచ్చామో చెప్తుందా?" అని. చెప్తుంది, కానీ ఏ టెస్ట్ కొన్నారు, ఎవరి వరస గురించి అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫ్యామిలీట్రీడీఎన్‌ఏ వాళ్ల ఎంటీ ఫుల్ సీక్వెన్స్ అయితే అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్లమ్మ, అలా ఆడవాళ్ల వరస ఒక్కదాన్నే పట్టుకుని వెనక్కి పోతుంది. నాన్న వైపు ఏమీ చెప్పదు, అమ్మ వాళ్ల నాన్న గురించి కూడా ఒక్క ముక్క చెప్పదు.

అయినా ఎందుకు కొన్నానంటే, ఈ వరస మన ఇళ్లల్లో ఎక్కడా రాసి ఉండదు. గోత్రం నాన్నది, ఇంటిపేరు నాన్నది, ప్రతి తరంలో ఆడపిల్ల పెళ్లి చేసుకుని ఇంకో ఇంటిపేరులో కలిసిపోతుంది. తర్పణాల్లో ఎప్పుడైనా గమనించారా? మాతామహి అని అమ్మమ్మ పేరు చెప్పిస్తారు, ఆ తర్వాత మాతుః పితామహి, అంటే అమ్మకి నాయనమ్మ. అప్పటికే వరస తాతగారి ఇంట్లోకి మళ్లిపోయింది. అమ్మమ్మ వాళ్లమ్మకి మంత్రంలో చోటే లేదు. మా అమ్మ డాలస్ వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగితే, అమ్మమ్మ వాళ్లమ్మ పేరు, ఆవిడ పుట్టిల్లు నరసరావుపేట దగ్గర పల్లె అన్న సంగతి వరకే గుర్తుంది, అంతకు ముందు ఎవరో అమ్మకీ తెలియదు. మనసులో పడిపోయింది ఆ విషయం.

ఇందులో చదివేది మైటోకాండ్రియా డీఎన్‌ఏ, అంటే మన కణాల్లో శక్తిని తయారుచేసే చిన్న భాగాల్లో ఉండే డీఎన్‌ఏ. మొత్తం 16,569 అక్షరాలు, 37 జన్యువులు. తల్లి నుంచి కొడుకులకీ కూతుళ్లకీ ఇద్దరికీ వస్తుంది, కానీ ముందుకి ఇచ్చేది కూతుళ్లే. అందుకే మగవాడినైనా నేను టెస్ట్ చేయించుకుంటే వచ్చేది మా అమ్మ వరసే.

కిట్ దగ్గర పెద్ద కష్టమేమీ లేదు. పుల్లతో బుగ్గల లోపల గీకి, చిన్న సీసాల్లో వేసి, హ్యూస్టన్‌కి పోస్ట్ చేయడం, అంతే. ఉమ్మి నింపాల్సిన పని లేదు కాబట్టి పెద్దవాళ్లకి సులువు. ధర వంద డాలర్ల పైమాటే, సేల్‌లో కొంత తగ్గుతుంది, తొందర లేకపోతే ఆగి కొనండి. దీనికి ముందు వేరే ఒక కంపెనీ చవక కిట్ చేయించాను, అందులో తల్లి వైపు వరస "ఎం" అని ఒక్క అక్షరం ఇచ్చి వదిలేశారు. భారతీయుల్లో సగానికి పైగా ఆ ఎం కిందకే వస్తారు. ఇండియాలో ఉంటారు అని అడ్రస్ ఇచ్చినట్టే అది! ఫుల్ సీక్వెన్స్ ఎందుకు కావాలో ఆ రిపోర్ట్ చూశాకే అర్థమైంది.

రిజల్ట్ కొన్ని వారాలకి వచ్చింది. నాకు వచ్చిన శాఖ (హాప్లోగ్రూప్ అంటారు, ఒకే మూలతల్లి నుంచి దిగినవాళ్ల గుంపు) ఎం2ఏ1. దాని కింద ఇంకా చిన్న కొమ్మ కూడా ఇచ్చారు.

ముందుగా అందరూ కంగారుపడేది మ్యుటేషన్ల పేజీ చూసి. 73జి, 263జి, 489సి, 10400టి, 14783సి, 15043ఏ, ఇలా పెద్ద జాబితా ఉంటుంది. అంకె డీఎన్‌ఏలో ఎన్నో చోటో చెప్తుంది, పక్కనున్నది ఆ చోట నాకున్న అక్షరం. మ్యుటేషన్ అనే మాట చూసి మా అక్కకి ఒకటే టెన్షన్, ఇన్ని లోపాలా అని. ఇవి లోపాలు కావు. 1981లో కేంబ్రిడ్జ్‌లో మొదటిసారి పూర్తిగా చదివిన మైటోకాండ్రియా డీఎన్‌ఏని కొలబద్దగా పెట్టుకున్నారు, 1999లో దాన్ని సరిదిద్దారు, ఇప్పటికీ అందరి ఫలితాన్నీ దానితోనే పోలుస్తారు. ఆ కొలబద్ద యూరప్‌లో ఎక్కువగా ఉండే హెచ్ శాఖకి చెందింది. కాబట్టి మనకి తేడాలు ఎక్కువ కనిపించడం సహజం. ఆ జాబితాలోనే కథ అంతా ఉంది. 489, 10400, 14783, 15043, ఈ నాలుగు చోట్ల మార్పు ఉంటే ఎం అని గుర్తు. 447 దగ్గర ఇంకో మార్పు, అలాంటివే మరికొన్ని కలిస్తే ఎం2. ఒక్కో నంబరూ ఎక్కడో ఒక తల్లి దగ్గర మొదలై, ఆమె కూతుళ్లందరికీ, వాళ్ల కూతుళ్లకీ దిగిన గుర్తు. 10400 దగ్గర నాకున్న టి అక్షరం, సుమారు 50, 60 వేల ఏళ్ల క్రితం బతికిన ఒక ఆడమనిషి నుంచి ఒక్క తరం కూడా తెగకుండా మా అమ్మ దాకా వచ్చిందంటే, ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను.

ఎం2 గురించి తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఆఫ్రికాలోని ఎల్3 అనే వరస నుంచి ఎం, ఎన్ అని రెండు పెద్ద కొమ్మలు చీలాయి, ఆఫ్రికా బయట ఉన్న దాదాపు అందరి తల్లుల వరసా ఆ రెండిట్లో ఏదో ఒకదాని కిందే వస్తుంది. ఎం యూరప్‌లో, పశ్చిమాసియాలో చాలా తక్కువ, మన దగ్గరా తూర్పు ఆసియాలోనూ ఎక్కువ, అందుకే మొదట వచ్చినవాళ్లు సముద్రతీరం వెంబడి వచ్చారన్నది బలమైన వాదన. మన దేశంలో పుట్టిన ఎం శాఖల్లో అతి పాతవాటిలో ఎం2 ఒకటి, దక్షిణాదిలో ఎక్కువ. గిరిజనుల్లోనూ కనిపిస్తుంది, రకరకాల కులాల్లోనూ కనిపిస్తుంది. 2003లో ఆంధ్రప్రదేశ్ చెంచుల మీద, కోయల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది కూడా ఇదే, మొదట ఇక్కడికి వచ్చినవాళ్ల వారసత్వం గిరిజనుల్లోనూ కులాల్లోనూ ఇప్పటికీ నిలిచి ఉందని. నల్లమలలో ఉన్న చెంచు ఆడవాళ్లకీ పల్నాడులో ఉన్న మా అమ్మమ్మ వరసకీ వేళ్లు ఆ మొదటి జనంలోనే ఉన్నాయి. మా బంధువుల్లో కొందరికి ఈ మాట నచ్చలేదు. నాకైతే ఈ టెస్ట్ చెప్పిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఈ విషయంలో మన హైదరాబాద్ చేసిన పని కూడా తక్కువది కాదు. హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం 2005లో అండమాన్‌లోని ఓంగీలు, గ్రేట్ అండమానీలు అనే తెగల మైటోకాండ్రియా డీఎన్‌ఏ మొత్తం చదివి ఎం31, ఎం32 అనే శాఖలు బయటపెట్టింది. వాళ్లు వేల ఏళ్లు విడిగా ఉండిపోయారని అప్పుడే తేలింది. 2019లో రాఖీగఢీ తవ్వకాల్లో దొరికిన ఒక సింధు నాగరికత కాలపు స్త్రీ డీఎన్‌ఏ ఫలితం వచ్చింది కదా, ఆవిడది యూ2బీ2. అది ఎన్ కొమ్మ కింద వచ్చే శాఖ. మీకు యూ2 వస్తే ఆ పేపర్ వెతికి చదవండి.

ఇప్పుడు కంపెనీ గురించి. వీళ్ల దగ్గర నాకు బాగా నచ్చింది చెట్టు, అంటే తల్లుల వరసలన్నిటినీ కొమ్మలుగా చూపించే పట్టిక. 2016లో ఆగిపోయిన ఫైలోట్రీ అనే పాత చెట్టులో 5,400కి పైగా శాఖలు ఉండేవి. వీళ్లు 2025లో మైటోట్రీ అని దానికి కొన్ని రెట్లు పెద్ద చెట్టు తెచ్చారు. కొత్తగా ఎవరైనా టెస్ట్ చేయించుకుంటే కొమ్మ ఇంకా చీలుతుంది, మీ శాఖ పేరు కూడా మారొచ్చు. దానికి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు.

మ్యాచ్‌ల విషయంలో, అంటే మీ ఫలితంతో కలిసే మిగతా కస్టమర్ల జాబితా విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. మన దేశం నుంచి ఈ ఫుల్ సీక్వెన్స్ చేయించుకున్నవాళ్లు తక్కువ కాబట్టి జాబితా చిన్నగానే ఉంటుంది, కొందరికి ఒక్కరూ రారు. వచ్చినా దగ్గర చుట్టం అనుకోవద్దు. ఈ డీఎన్‌ఏలో సగటున మూడున్నర వేల ఏళ్లకి ఒక మార్పు వస్తుందని లెక్క కట్టారు, కాబట్టి ఒక్క అక్షరం తేడా లేకుండా సరిపోయిన మనిషికీ మీకూ కలిసే అమ్మమ్మ వందేళ్ల క్రితం ఉండొచ్చు, వెయ్యేళ్ల క్రితం కూడా ఉండొచ్చు. తప్పిపోయిన బంధువుల్ని వెతకాలంటే ఇది కొనకండి, దానికి అమ్మ, నాన్న రెండు వైపులా చూసే ఆటోసోమల్ టెస్ట్ వేరే ఉంది.

కులం చెప్తుందా అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. చెప్పదు. ఒకే శాఖ ఎన్నో కులాల్లో ఉంటుంది, ఒకే కులంలో ఎన్నో శాఖలుంటాయి. ఊరు కూడా చెప్పదు, ఎందుకంటే మన దగ్గర ఊరు మారేది ఆడపిల్లే, తరతరానికీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి. అలా నడిచిన దారిని మ్యాప్ మీద బాణం గుర్తుగా చూపిస్తారు గానీ, అది వేల ఏళ్ల స్థాయిలో వేసిన అంచనా.

ఒక జాగ్రత్త చెప్పాలి. పూర్తి సీక్వెన్స్ అంటే జబ్బులకి సంబంధించిన చోట్లు కూడా అందులో ఉంటాయి. ఉదాహరణకి 1555 దగ్గర ఒక మార్పు ఉన్నవాళ్లకి కొన్ని రకాల యాంటీబయాటిక్స్ వాడితే వినికిడి పోయే ప్రమాదం ఉంది. ఆ ఫైల్ మీ ఒక్కరిదీ కాదు, మీ అమ్మది, అక్కచెల్లెళ్లది, పిన్ని పెద్దమ్మలది, వాళ్ల పిల్లలది కూడా. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేముందు వాళ్లని అడగండి. శాఖ పేరు చెప్పుకోవచ్చు, మొత్తం ఫైల్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

రేటింగ్ ఇవ్వమంటే ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ మనలాంటివాళ్లకి మ్యాచ్‌లు పెద్దగా ఉపయోగపడవు కాబట్టి.

కొనాలనుకుంటే ఇంట్లో ఎవరి చేత చేయించాలో ముందు ఆలోచించుకోండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అమ్మ, అందరూ చేయించుకోవడం దండగ, ఒకటే ఫలితం వస్తుంది. నాయనమ్మ వరస కావాలంటే నాన్న చేతో, మేనత్త చేతో, మేనత్త పిల్లల చేతో చేయించాలి. తాతయ్య వాళ్లమ్మ వరస కావాలంటే తాతయ్య ఉండాలి, లేదా ఆయన తోబుట్టువులు గానీ, ఆయన అక్కచెల్లెళ్ల పిల్లలు గానీ ఉండాలి. ఇలాంటి పెద్దవయసువాళ్లు ఇంట్లో ఉంటే సేల్ కోసం కూడా ఆగొద్దు. ఇంకొకటి, మన మేనరికాల వల్ల లెక్క మారుతుంది: అక్క కూతుర్ని చేసుకున్న మేనమామకీ ఆ అమ్మాయికీ ఒకే మైటోకాండ్రియా ఉంటుంది, కాబట్టి మామూలుగా మగవాడి దగ్గర ఆగిపోయే తల్లి వరస ఆయన పిల్లల్లో కొనసాగుతుంది. మీ ఇంట్లో అలాంటి పెళ్లి ఉంటే నాయనమ్మకీ అమ్మమ్మకీ విడివిడిగా రెండు కిట్లు కొనే ముందు ఒకసారి వంశవృక్షం గీసి చూసుకోండి, ఒక్క కిట్ సరిపోవచ్చు.