ఎస్తోనియా డిజిటల్ సర్కారు: ఏళ్ల తరబడి వాడాక

ఏటా ఫిబ్రవరి 15 నుంచి ఎస్తోనియా రాజధాని టాలిన్ ఆఫీసుల్లో ఒకటే పలకరింపు: 'పన్ను పంపేశారా?' కార్డు రీడర్‌లో గుర్తింపు కార్డు పెట్టి 4 అంకెల పిన్ కొడితే రిటర్ను తెరుచుకుంటుంది. జీతం, కోసిన పన్ను, నిరుద్యోగ బీమా అన్నీ ముందే నింపి ఉంటాయి. సరిచూసుకుని పంపేయడమే. వెనక్కి రావలసిన సొమ్ము మామూలుగా కొద్ది రోజుల్లోనే ఖాతాలో పడుతుంది.

చాలామంది ఈ వేగాన్నే పొగుడుతారు. నాకు మాత్రం అంతకంటే నచ్చింది, చెప్పిందే మళ్లీ చెప్పమని అడగకపోవడం. 2001లో వచ్చిన ఎక్స్‌రోడ్ అనే వ్యవస్థ వివిధ శాఖల రికార్డులను కలుపుతుంది. ఏ శాఖ వివరాలు ఆ శాఖ దగ్గరే ఉంటాయి, అవసరమైనవాళ్లు అడిగి తీసుకుంటారు. ఇల్లు మారినప్పుడు జనాభా రిజిస్టర్‌లో చిరునామా మారిస్తే మిగతా శాఖలు అక్కడి నుంచే తీసుకుంటాయి. హైదరాబాద్‌లో ఈ-సేవ మొదలైందీ ఆ ఏడాదే. మనకు కౌంటర్లు ఒకచోటికి వచ్చాయి గానీ జిరాక్సుల కట్ట చేతిలోనే ఉండిపోయింది.

ఇంకొకటి, మన రికార్డు ఎవరు చూశారో మనకే కనిపిస్తుంది. ప్రభుత్వ పోర్టల్‌లో ఏ సంస్థ, ఏ రోజు, ఏ సమయంలో చూసిందో వరుసగా ఉంటుంది. అన్ని శాఖలూ ఇందులోకి రాలేదు, అది లోటే. అయినా ఒకసారి తెలియని సంస్థ పేరు కనిపిస్తే ఎందుకు చూశారని రాసి అడిగాను, వివరణ వచ్చింది. అధికారిని లెక్క అడగగలగడం చిన్న విషయం కాదు.

2017లో దీని బలహీనతా చూశాం. కార్డు చిప్‌లో భద్రతా లోపం ఉందని చెక్ పరిశోధకులు కనిపెట్టారు. లక్షలాది కార్డుల్లోని డిజిటల్ ధ్రువపత్రాలను, అంటే ఆన్‌లైన్‌లో మనల్ని గుర్తించేవాటిని, నవంబరులో నిలిపివేశారు. ఇంటి నుంచే సరిచేసుకునే వీలున్నా సర్వర్లు మొరాయించాయి, కార్డులు జారీ చేసే పోలీసు కార్యాలయాల ముందు క్యూలు కట్టాం. సంతకం నుంచి మందుల చీటీ దాకా అన్నీ ఒకే కార్డుకు ముడిపెడితే వచ్చే తిప్పలివి. అయితే లోపాన్ని దాచకుండా ప్రధానమంత్రే ముందుకొచ్చి చెప్పారు, ఆ మెచ్చుకోలు ఇవ్వాలి.

అదే ఏడాది 213 స్థానిక సంస్థలను 79కి కుదించారు. ఒక్కోదానికి కనీసం 5,000 జనాభా ఉండాలన్నది నియమం. కొన్ని సుప్రీంకోర్టు దాకా వెళ్లినా కలపడం ఆగలేదు. టాలిన్‌లో ఉన్న నాకు దాని సెగ తగలలేదు. పల్లెల్లోని వయసు మళ్లినవాళ్లకు ఆన్‌లైన్ సేవ ఎంత బాగున్నా, ఎదురుగా కూర్చుని మాట్లాడే గుమాస్తా దూరమైతే ఆ లోటు వేరు.

మనవాళ్లకు ఒక హెచ్చరిక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లు మనలో తక్కువేమీ కాదు. ఇక్కడి రిజిస్టర్‌లో పేరు ఎలా పడితే పన్ను ఖాతా, మందుల చీటీ, డిజిటల్ సంతకం అన్నిటిలోనూ అలాగే కనిపిస్తుంది. మా ఇంట్లో ఒకరికి పేరు, ఇంటిపేరు తారుమారై పడ్డాయి. దిద్దించడానికి స్వయంగా కార్యాలయానికి వెళ్లాల్సి వచ్చింది, వచ్చిన ఉత్తరాలన్నీ ఎస్తోనియన్ భాషలోనే. దిద్దాక మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పుకోవలసిన పని పడలేదు. నివాస అనుమతి కార్డు అందగానే, పిన్‌ల కవరు చింపేలోపు, పేరు సరిచూసుకోండి.