హాన్‌ఫర్డ్ భూగర్భజలం: తోడి శుద్ధి చేయాలా, నేలలోనే అడ్డుకట్ట వేయాలా?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున ఉంది హాన్‌ఫర్డ్. 1944 నుంచి 1987 దాకా అణ్వాయుధాలకు ప్లుటోనియం తయారుచేసిన చోటు. అక్కడి కలుషిత జలం నదిలో కలవకుండా ఆపడానికి రెండు దారులు: నీటిని పంపులతో పైకి తోడి శుద్ధి చేయడం, లేదా నది అంచున నేలలోనే కాలుష్యాన్ని పట్టి ఉంచే అడ్డుకట్ట వేయడం.

ఖర్చు
తోడడం: కరెంటు, రెసిన్ (నీటిలోని కాలుష్యాన్ని పట్టుకునే పదార్థం), మనుషులు ఏళ్ల తరబడి కావాలి.
అడ్డుకట్ట: భారమంతా మొదట్లోనే.

ఏది దేనికి లొంగుతుంది?
అసలు తేడా ఇక్కడే. రియాక్టర్ పైపులు తుప్పు పట్టకుండా చల్లబరిచే నీటిలో సోడియం డైక్రోమేట్ అనే క్రోమియం రసాయనం కలిపేవారు. ఆ క్రోమియం నీటితోపాటే కదులుతుంది, తోడితే వచ్చేస్తుంది. రేడియోధార్మిక పదార్థమైన స్ట్రాన్షియం-90 అలా కాదు, మట్టి రేణువులను పట్టుకుని వదలదు. హాన్‌ఫర్డ్‌లోని ఎన్ రియాక్టర్ దగ్గర దానికోసం 1995లో పంపులు పెట్టి 2006లో ఆపేశారు. తోడింది కొంచెమే, దానంతట అది క్షీణించిందే ఎక్కువ. ఆ తర్వాత ఒడ్డు వెంట బావుల్లోకి కాల్షియం, సిట్రేట్, ఫాస్ఫేట్ ద్రావణం ఎక్కించారు. అది మట్టిలో అపటైట్‌గా మారుతుంది. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజం లాంటిదే. అందులో కాల్షియం చోట స్ట్రాన్షియం వెళ్లి కూర్చుంటుంది. మనిషి ఎముకను పట్టి పీడించే ఆ గుణాన్నే నదికి కాపలాగా వాడుకోవడం నాకు ఎంతో నచ్చింది.

రిస్క్
తోడడం: ఆపగానే కాలుష్యం మళ్లీ పెరగొచ్చు.
అడ్డుకట్ట: ఎక్కడైనా సందు ఉంటే అక్కడే జారిపోతుంది. విషమూ నేలలోనే ఉంటుంది. 29 ఏళ్లకు సగమయ్యే పదార్థం కాబట్టి తరాల తరబడి కనిపెట్టుకుని ఉండాలి.

నీటితో పరుగెత్తే క్రోమియం లాంటివాటికి పంపులే మేలు. మట్టికి అంటుకుని, తనంతట క్షీణించే స్ట్రాన్షియానికి నది అంచున అడ్డుకట్టే సరైనది. రెండూ కలిసిన చోట ఒకదాన్నే నమ్ముకోకూడదు.