పాత మోటర్‌హోమ్‌లో కారే ఆయిల్ కూలర్ ఫిట్టింగ్: బిగించడమా, సీలు మార్చడమా, హోసే మార్చడమా? ఏది మేలు?

ఇరవై ముప్పై ఏళ్ళు నడిచిన మోటర్‌హోమ్ కింద నూనె మరక కనిపించగానే అనుమానం ఆయిల్ పాన్ మీదికో, వెనక సీలు మీదికో పోతుంది. ఆ రెండింటికంటే ముందు చూడవలసినవి ఇంజను నూనెను చల్లబరిచే ఆయిల్ కూలర్‌కు వెళ్ళి వచ్చే రెండు గొట్టాల చివర్లు. ఇంజను వేడెక్కాక కూడా ఆ గొట్టాల్లో చదరపు అంగుళానికి 40 నుంచి 60 పౌన్ల ఒత్తిడి ఉంటుంది. చల్లటి ఉదయం స్టార్టు చేసినప్పుడు అది 80 దాటడం మామూలే. పాన్ దగ్గర చెమర్చే నూనె నేలను పాడుచేస్తుంది, అంతే. కూలర్ ఫిట్టింగ్ ఒక్కసారిగా ఊడితే మాత్రం కొద్ది నిమిషాల్లో ఇంజను ఖాళీ అవుతుంది. చిమ్మిన నూనె ఎగ్జాస్టు మానిఫోల్డు మీద పడితే నిప్పంటుకోవచ్చు: లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు మానిఫోల్డు వేడి 400 డిగ్రీలు దాటుతుంది, ఇంజను ఆయిల్ మంటనందుకునే వేడి దాదాపు అందులో సగం. పైగా ఈ బండిలో ఇంజనుకూ, మనుషులు కూర్చునే చోటుకూ మధ్య చాలాసార్లు ఉండేది ఒక్క మూత మాత్రమే. అందుకే ఈ లీకు చిన్నదైనా దీన్ని వాయిదా వేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఏ మరమ్మతు మేలన్నది లీకు సరిగ్గా ఎక్కడినుంచి వస్తున్నదో తేలితేనే చెప్పగలం. నూనె కారిన చోటే కనిపించదు. ఫ్యాను గాలికీ, బండి వేగానికీ వెనక్కి పాకి, రెండడుగుల అవతల బొట్టుగా పడుతుంది. ఇంజను వెనక ఉండే డీజిల్ బళ్ళలోనైతే అది రేడియేటర్ మీద చేరి, దుమ్ముతో కలిసి గట్టి పొరగా పట్టి, బండి వేడెక్కడానికి కారణమవుతుంది. కాబట్టి ముందు జిడ్డు తీసే ద్రావకంతో ఆ ప్రాంతమంతా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఫిట్టింగుల చుట్టూ పలచగా టాల్కం పౌడరు చల్లి, ఇంజను నడుపుతూ టార్చిలైటుతో చూడాలి. తెల్లటి పొడిమీద మొదటి తడి మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మచ్చ నట్టు వెనక, గొట్టం నట్టులోకి దూరే చోట కనిపిస్తే లోపం ఫిట్టింగ్ ముఖానిది లేదా సందును మూసే ఓ రింగు అనే రబ్బరు వలయానిది. రబ్బరు లోహపు కాలరులోకి దూరే అంచున సన్నటి వలయంలా నూనె ఊరితే లోపం నొక్కి బిగించిన క్రింపుది, అంటే హోసుది. ఫిట్టింగ్ కూలర్ ట్యాంకులోకి దిగే మర దగ్గర తడిస్తే లోపం మరదో, ట్యాంకుదో. ఒకవేళ కూలెంటులో నూనె కలిసి పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి ఉంటే కూలర్ లోపలే చిల్లు పడిందన్నమాట. అప్పుడు బయటి ఫిట్టింగుకు ఎన్ని మరమ్మతులు చేసినా లాభం లేదు, కూలరో, అది లోపల ఉన్న రేడియేటరో మార్చవలసిందే.

అన్నిటికంటే తేలికగా తోచే మార్గం పానా పెట్టి మరికాస్త బిగించడం. ఇది ఒక్క సందర్భంలోనే న్యాయమైన మరమ్మతు: గొట్టం చివర గరాటులా విప్పారిన ఫ్లేర్ ఫిట్టింగ్ కుదుపులకు వదులైనప్పుడు. అప్పుడు ఆరు పలకల నట్టును ఒక్క పలక మేరకు తిప్పి చూడవచ్చు. దానితో ఆగకపోతే ఆ ముఖం మీద గీతో పగులో ఉన్నట్టే, ఇంకా తిప్పడం వల్ల ఇత్తడి సాగడం తప్ప జరిగేదేమీ ఉండదు. ఓ రింగుతో ఆగే ఫిట్టింగును ఎంత బిగించినా గట్టిపడిన రింగు మెత్తబడదు. క్లిప్పుతో పట్టుకునే రకానికి బిగించే వీలే లేదు. ఏ రకమైనా సరే ఒక పానాతో ఎప్పుడూ తిప్పకూడదు. కూలర్ వైపు ఉన్న పలకల మీద రెండో పానా పెట్టి ఆపి పట్టుకోవాలి. లేకపోతే నట్టుతో పాటు ట్యాంకుకు అతికించిన మూతి కూడా మెలితిరిగి, అక్కడి అతుకు విడిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చిన్న నట్టు బిగించబోయి రేడియేటరే మార్చుకోవలసి వస్తుంది.

సీలు మార్చడం దానికంటే చాలా మెరుగైన దారి, లోపం నిజంగా సీలుదే అయితే. నెలల తరబడి కదలకుండా నిలిచే బండిలో రబ్బరు రింగు నొక్కుకున్న ఆకారంలోనే గట్టిపడుతుంది. విప్పి చేతిలోకి తీసుకుంటే గుండ్రంగా ఉండవలసిన దాని అంచు రెండు వైపులా చదునుగా కనిపిస్తుంది, గోటితో నొక్కితే దిగదు, వంచితే చిట్లుతుంది. కొత్తది కొనేటప్పుడు నైట్రైల్, వైటన్ అనే రెండు రకాలు ఎదురవుతాయి. నైట్రైల్ సుమారు 100 నుంచి 120 డిగ్రీల దాకా నిలుస్తుంది, వైటన్ 200 డిగ్రీల దాకా. బరువైన బండి, వేడెక్కే ఇంజను గది, మళ్ళీ మళ్ళీ చేయాలనిపించని పని కాబట్టి నేను వైటన్ వైపే మొగ్గుతాను. కొలత మాత్రం అంగుళాలదా మిల్లీమీటర్లదా అని ఖాయం చేసుకోవాలి. దగ్గరగా ఉన్న కొలత రింగు కొన్నాళ్ళు ఆగి, మొదటి పెద్ద ఎండలో మళ్ళీ వదులుతుంది. రింగు కూర్చునే గాడిలో గీతలుంటే కొత్త రింగు కూడా నిలవదు. క్లిప్పు రకంలో రింగుతో పాటు క్లిప్పు కూడా కొత్తదే వేయాలి, ఎందుకంటే తీసినప్పుడు అది కొద్దిగా విచ్చుకుంటుంది, ఒత్తిడి అంతా దాని మీదే ఉంటుంది.

క్రింపు దగ్గర కారుతున్న హోసును కోసి, మిగిలిన లోహపు గొట్టానికి కొత్త రబ్బరు తొడిగి రెండు క్లాంపులు బిగించే పద్ధతి దారిపక్క మరమ్మతుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ ఇంజను లైనునూ, ఆటోమేటిక్ గేర్‌బాక్సు లైనునూ వేరుగా చూడాలి, ఎందుకంటే గేర్‌బాక్సు నూనెకూ ఇలాంటి కూలర్ ఉంటుంది. గేర్‌బాక్సు కూలర్ లైనులో ఒత్తిడి మామూలుగా తక్కువే. విడిగా అమ్మే గేర్‌బాక్సు కూలర్లు చాలావరకు క్లాంపులతోనే వస్తాయి. గొట్టం చివర ఉబ్బెత్తు అంచు ఉండి, ఎస్‌ఏఈ జె1532 ప్రమాణానికి చేసిన గేర్‌బాక్సు ఆయిల్ హోసు వాడితే అది అక్కడ నిలిచే మరమ్మతే. ఇంజను ఆయిల్ లైనులో మాత్రం దాన్ని నేను సమర్థించను. నునుపు గొట్టం మీద క్లాంపు పట్టు చల్లటి స్టార్టు ఒత్తిడికి కొద్దికొద్దిగా జారుతుంది. జారడం మొదలైతే ఊడే దాకా ఆగదు. పెట్రోలు హోసు ముక్క వేయడం అంతకన్నా తప్పు: అది వేడి నూనెకు చేసింది కాదు, త్వరగా పాడవుతుంది.

ఇక హోసు మొత్తం మార్చడం. చాలా పాత బళ్ళకు సరైన సమాధానం ఇదే. ఒక చివర రబ్బరు గట్టిపడితే రెండో చివర కూడా అదే వయసుది, కనుక రెండు హోసులూ ఒకేసారి మార్చడం తెలివైన పని. ఇందులో మూడు దారులున్నాయి.

కంపెనీ హోసు దొరికితే అది వంపులతో సహా సరిగ్గా అమరుతుంది, ఆలోచించవలసింది తక్కువ. చిక్కల్లా ఏమిటంటే, షెవర్లె పి30 లాంటి చాసిస్ మీద కట్టిన మోటర్‌హోమ్‌లలో బాడీ కట్టినవారు రేడియేటర్‌ను, కూలర్‌ను తమకు వీలైన చోట అమర్చుకున్న సందర్భాలున్నాయి. చాసిస్ పుస్తకంలోని పార్టు నంబరు హోసు అక్కడ పొట్టిదైపోతుంది.

రెండోది, పాత హోసును నమూనాగా తీసుకెళ్ళి హైడ్రాలిక్ హోసులు చేసే షాపులో కొత్తది క్రింపు చేయించడం. పాత లోహపు చివర్లు బాగుంటే కొందరు వాటినే మళ్ళీ వాడతారు, అరిగి ఉంటే కొత్తవి వేస్తారు. ఇక్కడ అడిగి తెలుసుకోవలసినవి రెండే: హోసు ఎంత వేడికి నూనెతో నిలుస్తుంది, లోపలి వ్యాసం పాతదానికంటే సన్నబడుతుందా. బయటి కొలత కలిసినా లోపలి దారి సన్నబడితే నూనె ప్రవాహం తగ్గి, కూలర్ ఉండీ లేనట్టే అవుతుంది. రబ్బరు హోసుకు మధ్యలో ఉన్న ఉక్కు గొట్టం భాగాన్ని తీసేసి మొత్తం రబ్బరే వేద్దామంటే ఒప్పుకోకపోవడం మంచిది. ఎగ్జాస్టు పక్కగా వెళ్ళే చోట ఆ ఉక్కును కావాలనే పెట్టారు.

మూడోది ఏఎన్ (అమెరికా సైన్యం, నౌకాదళం ప్రమాణం) రకం మర ఫిట్టింగులతో సొంతంగా కట్టుకోవడం. ఇందులో సుఖం, చివర్లను విప్పి మళ్ళీ వాడుకోగలగడం, క్రింపు యంత్రం అవసరం లేకపోవడం. ఏఎన్ పక్కన రాసే సంఖ్య గొట్టం బయటి వ్యాసాన్ని అంగుళంలో పదహారో వంతులుగా చెబుతుంది: 6 అంటే మూడు ఎనిమిదోవంతులు, 8 అంటే అర అంగుళం, 10 అంటే ఐదు ఎనిమిదోవంతులు. కానీ వీటి కోణం 37 డిగ్రీలు. కార్లలో, ట్రక్కుల్లో సాధారణంగా కనిపించే ఫ్లేరుది 45. రెండూ కొన్ని కొలతల్లో ఒకే మరతో దూరతాయి, బిగిసినట్టే అనిపిస్తాయి, ముఖాలు మాత్రం ఒక సన్నటి గీత దగ్గరే కలుస్తాయి. అక్కడినుంచి లీకు ఖాయం. టెఫ్లాన్ లోపొర ఉన్న హోసుకు రబ్బరు హోసు ఫిట్టింగులు పట్టవు, దాని చివరను పట్టి ఉంచే, ఆలివ్ అనే చిన్న లోహపు రింగు వేరు. పైన స్టీలు అల్లిక ఉన్న హోసు దేనికి రాసుకుంటే దాన్ని కోస్తుంది, పక్కనున్న వైర్ల తొడుగును కూడా. ఓపికగా చేసేవారికి ఇది మంచి దారే. అయినా దగ్గర్లో క్రింపు చేసే షాపు ఉంటే నేను ముందు అక్కడికే వెళ్తాను.

కూలర్ మూతి మరే అరిగితే మార్గాలు తగ్గిపోతాయి. శంకువులా సన్నబడే, అమెరికా పైపు ప్రమాణపు ఎన్‌పీటీ మరలో టెఫ్లాన్ పేస్టు పనిచేస్తుంది. టేపు ముక్కలు తెగి నూనె దారిలో పడతాయి కాబట్టి పేస్టే నయం. ఫ్లేర్, ఓ రింగు ఫిట్టింగుల మరకు ఏ పూతా అవసరం లేదు, ఎందుకంటే అక్కడ ఆపేది మర కాదు. ఎన్‌పీటీ మర కోణం 60 డిగ్రీలు, బ్రిటిష్ పైపు ప్రమాణపు బీఎస్‌పీది 55. అర అంగుళం కొలతలో రెండింటికీ అంగుళానికి 14 మరలే ఉండడంతో ఒకదానిలో ఇంకొకటి కొన్ని చుట్లు ఎక్కి మోసం చేస్తుంది. జనరల్ మోటార్స్ వారి 4ఎల్80ఇ ఆటోమేటిక్ గేర్‌బాక్సు కేసులో ఉన్నది తిన్నని మర. అందులో శంకు మర ఫిట్టింగును బిగిస్తే అల్యూమినియం కేసు పగులుతుంది. ట్యాంకు మూతిలో మర పూర్తిగా పోతే కొత్త కూలర్ వేయడమే నా సలహా.

కూలర్‌ను తప్పించి రెండు లైన్లనూ కలిపేయడం కూడా కొందరు చెప్పే మార్గమే. ఇంజను విషయంలో, తక్కువ వేగంతో షెడ్డు దాకా చేరడానికి అది చెల్లుతుంది. గేర్‌బాక్సు విషయంలో చెల్లదు: ఇంజను శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లో పుట్టే వేడిని బయటికి మోసుకెళ్ళేది ఆ నూనే, మోటర్‌హోమ్ బరువుకు ఆ వేడి మామూలు కారుకంటే ఎంతో ఎక్కువ. లైన్లను మూసేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే చాలా గేర్‌బాక్సుల్లో కూలర్‌నుంచి తిరిగొచ్చే నూనే లోపలి బేరింగులను తడుపుతుంది.

ఏ దారి ఎంచుకున్నా, కొత్త హోసుకు ఇంజను కదలికకు సరిపడా వదులు వదిలి, రబ్బరు పూత ఉన్న క్లిప్పులతో చాసిస్‌కు కట్టి, ఎగ్జాస్టుకు దూరంగా పెట్టాలి. ఖాళీ హోసులు నిండగానే మట్టం తగ్గుతుంది కాబట్టి కొద్దిసేపు నడిపి ఆపి ఇంజను డిప్‌స్టిక్ చూడాలి. గేర్‌బాక్సుదైతే బండి పుస్తకంలో చెప్పిన పద్ధతిలో, చాలావాటికి ఇంజను నడుస్తుండగానే, చూడాలి. మొదటి ప్రయాణంలో ఇంజను బాగా వేడెక్కాక ఒకసారి ఆగి, పొడి గుడ్డతో ప్రతి ఫిట్టింగునూ తుడిచి ఆ గుడ్డ తడిసిందేమో చూడాలి, మర్నాడు ఇంజను చల్లారాక అదే పని ఇంకోసారి చేయాలి.