తక్కువ ధర ఓబీడీ డాంగుల్, చాన్నాళ్లు వాడాక: గ్రాఫ్ కోసమైతే కొనండి

ఓబీడీ డాంగుల్ అంటే కారు డయాగ్నస్టిక్ పోర్ట్‌లో గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) చెప్పేది ఫోన్‌లో చూపించే చిన్న పరికరం. ఎలా పెయిర్ చేయాలి, ఏ యాప్ వేసుకోవాలి, పోర్ట్ స్టీరింగ్ కింద ఎక్కడుంటుంది అనేవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నాది పైన ఈఎల్‌ఎం327 (కారు డేటా చదివే చిప్ పేరు) అని రాసి ఉన్న బ్లూటూత్ ముక్క. వెయ్యి లోపు ధరకి అసలు చిప్ రాదు, లోపల ఉన్నది నకలే. కొన్న కొత్తలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఇక టెన్షన్ లేదు, ప్రాబ్లమ్ ఏంటో ఇదే చెప్పేస్తుంది" అని పెట్టాను. నిజానికి ఇది చెప్పేది ప్రాబ్లమ్ ఏ సర్క్యూట్‌లో ఉందో అంతవరకే.

నాకు దీని మీద ఉన్న ప్రేమంతా ఒక్క లైవ్ డేటా గ్రాఫ్ మీదే. ఎందుకో చెప్తా.

మొన్నటి వానాకాలం చివర్లో కారు విచిత్రంగా తయారైంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే చాలు, రేడియేటర్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరిగేది, వెనక నుంచి పెట్రోల్ వాసన, మైలేజ్ బాగా పడిపోయింది. లైట్ కొన్నాళ్లు వెలిగేది, కొన్నాళ్లు దానంతటదే ఆరిపోయేది. ఆ లైట్ వెనకున్న ఫాల్ట్ కోడ్ పీ0118, అంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజ్ ఎక్కువ. సర్వీస్ సెంటర్ వాళ్లు అది చూసి "సెన్సర్ పోయింది సార్" అని మార్చేశారు. మెహిదీపట్నం దాటకముందే లైట్ మళ్లీ వచ్చింది. ఈసారి "ఈసీఎం లోపల ప్రాబ్లమ్ ఉండొచ్చు సార్, మార్చాల్సి వస్తుంది" అంటూ ఇచ్చిన ఎస్టిమేట్‌తో ఒక సెకండ్ హ్యాండ్ స్కూటీ వచ్చేస్తుంది. పైగా వెళ్లిన ప్రతిసారీ ముందు కోడ్ క్లియర్ చేసేవాళ్లు, దాంతో ఫాల్ట్ వచ్చిన క్షణంలో స్పీడ్ ఎంత, ఆర్‌పీఎం ఎంత అని ఈసీఎం దాచుకునే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోయేది. ఆ కోపం నాకింకా పోలేదు.

అప్పుడే ఫోన్ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి, కూలెంట్ టెంపరేచర్ ఒక్కటే గ్రాఫ్‌లో ఉంచి ఆఫీసుకి వెళ్లాను. గీత 90 డిగ్రీల దగ్గర తిన్నగా పోతూ పోతూ, స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే టక్కున మైనస్ 40కి పడేది, వెంటనే మళ్లీ లేచేది. మన హైదరాబాద్‌లో, అదీ వేడెక్కిన ఇంజిన్‌లో, మైనస్ 40 ఏంటి? ఈ సెన్సర్ చల్లబడే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. వైర్ తెగితే ఈసీఎంకి అది అంతులేని రెసిస్టెన్స్‌లా కనిపిస్తుంది, అంటే అది చూపగలిగిన అతి తక్కువ టెంపరేచర్, మైనస్ 40. గతుకు తగిలినప్పుడే పడుతోందంటే సెన్సర్ కంటే వైరింగ్ మీదే అనుమానం రావాలి కదా.

పుత్లీబౌలి స్పేర్స్ షాపుల దగ్గర ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడని కొలీగ్ చెబితే వెళ్లాను. "భాయ్, సెన్సర్ కొత్తదే, ఈసీఎం మార్చమంటున్నారు" అంటే, "ఈసీఎం సంగతి తర్వాత సార్, ముందు ఆ ఫోన్ ఇటు తిప్పండి" అన్నాడు. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, దాని రెండు పిన్నులనీ చిన్న వైర్ ముక్కతో కలిపాడు. రెసిస్టెన్స్ దాదాపు సున్నా అయ్యేసరికి ఫోన్‌లో అంకె 130 దాటింది. "చూశారా, ఈసీఎం చదువుతోంది, దానికేం కాలేదు." (రెండు వైర్ల సెన్సర్ కాబట్టి ఇలా చేశాడు, మూడు వైర్లు ఉన్నవాటి మీద ఈ ప్రయోగం చేయకండి.) ఆ ముక్క అలాగే ఉంచి వైర్ల కట్టని, అంటే హార్నెస్‌ని జానెడు జానెడు కదుపుతూ పోయాడు, నేను గ్రాఫ్ చూస్తూ నిలబడ్డా. బ్యాటరీ ట్రే పక్కన క్లాంప్ దగ్గర నొక్కగానే గీత పడిపోయింది. టేప్ విప్పితే వైర్ పైతొడుగు బాగానే ఉంది. కోస్తే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. మల్టీమీటర్ పెడితే కదలకుండా ఉన్నంతసేపు అది కూడా వైర్ బాగానే ఉందని బీప్ కొడుతుంది, అందుకే ఇలాంటివి దొరకవు అన్నాడు. కొత్త ముక్క వేసి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాడు. కొన్ని వందలతో పోయింది. ఆ తర్వాత మళ్లీ ఆ లైట్ వెలగలేదు.

అయితే ఇదే డాంగుల్ అన్నిటికీ ఇలా పనికొస్తుందనుకోవద్దు. నాలుగైదు సెన్సర్లు ఒకేసారి పెడితే గ్రాఫ్ నత్తనడకే. క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని గమనించేది) సిగ్నల్ రెప్పపాటులో తప్పితే ఇది పట్టలేదు, దానికి ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ని క్షణక్షణం గీతగా చూపే పరికరం) ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు నా కారులో ఇది అసలు చదవదు. ఇంకోటి, ఆ పోర్ట్‌లో 16వ పిన్ను‌కి తాళం తీసినా కరెంట్ ఉంటుంది, సంక్రాంతికి ఊరెళ్తూ కారు సెల్లార్‌లో వదిలేసేటప్పుడు బ్యాటరీ దిగిపోకుండా నేనైతే డాంగుల్ పీకేస్తాను.

నాది వారంటీ ఎప్పుడో అయిపోయిన పెట్రోల్ కారు, పైగా గ్రాఫ్ చూసి అర్థం చేసుకునే మనిషి దొరికాడు కాబట్టి నాకు డబ్బులు వసూలయ్యాయి. డీజిల్ వాళ్ల సంగతి వాళ్లే చెప్పాలి. మా బావమరిది కొత్త కారుకి కూడా కొనమంటావా అంటే వద్దన్నాను, వారంటీలో ఉన్న కారు వైరింగ్ బయటివాళ్లతో కోయించే ఉద్దేశం అతనికెలాగూ లేదు.