సంస్థాగత ప్రవర్తనపై ఆరు వారాల ఆన్‌లైన్ శిక్షణ: ఒక మేనేజర్ సమీక్ష

పదకొండు మంది ఉన్న బృందాన్ని నడుపుతూ, పనులు ఎందుకు ఆలస్యమవుతున్నాయో పట్టికల్లో ఎంత వెతికినా దొరకక, సంస్థల్లో మనుషులు ఎలా, ఎందుకు ప్రవర్తిస్తారో నేర్పే ఈ శిక్షణలో నేను చేరాను. మొదటి వారమంతా నిర్వచనాలే కాబట్టి దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. అసలు విషయం రెండో వారంలో మొదలైంది.

షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు జరిగిన పరిశోధనల ప్రస్తావన వస్తే చాలామంది, వెలుతురు మారిస్తే పని ఎలా మారుతుందో చూసిన ప్రయోగంతో ఆగిపోతారు. ఇక్కడ మాత్రం టెలిఫోన్ పరికరాలకు తీగలు బిగించే పనిలో ఉన్న 14 మంది కార్మికులను గమనించిన ‘బ్యాంక్ వైరింగ్’ గదికి ఒక పూర్తి పాఠాన్ని కేటాయించారు. ఎక్కువ పని చేస్తే ఎక్కువ కూలి వచ్చే ఏర్పాటు ఉన్నా, రోజుకు ఇంత చాలునని ఆ కార్మికులు తమలో తాము ఒక హద్దు పెట్టుకున్నారు. దాన్ని దాటినవాణ్ని ఎగతాళి చేసేవారు, జబ్బ మీద గుద్దేవారు. మా బృందంలో పని ముందే పూర్తిచేసినవారు ఆ మాట పైకి ఎందుకు చెప్పరో నాకు ఆ పాఠం వింటున్నప్పుడే అర్థమైంది. ముందు ముగించినవారి నెత్తినే మరో పని పెట్టే అలవాటు నాది.

నాలుగో వారంలో సహోద్యోగితో ముఖాముఖి మాట్లాడే అభ్యాసం ఉంటుంది. నా పది నిమిషాల సంభాషణలో ఏడు నిమిషాలు నేనే మాట్లాడానని బోధకురాలు రికార్డింగ్ వేసి చూపించారు. “ఏమైనా ఇబ్బంది ఉందా?” అని అడిగి, ఎదుటివారు నోరు విప్పేలోపే జవాబు కూడా నేనే చెప్పేశాను. ఆసుపత్రి బృందాలపై పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ చేసిన అధ్యయనాన్ని బోధకురాలు ఆ వెంటనే వివరించడం ఎంతో సముచితంగా ఉంది: నాయకత్వం బాగున్న బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి, ఎందుకంటే అక్కడివారు తప్పును భయపడకుండా చెప్పగలిగారు.

లోపాలూ ఉన్నాయి. తిండి, భద్రత వంటివి తీరాకే గౌరవం వంటి పై అవసరాలు ముందుకొస్తాయంటూ మనస్తత్వవేత్త మాస్లో 1943లో ప్రతిపాదించిన అవసరాల శ్రేణిని తిరుగులేని సూత్రంలా చెప్పి వదిలేశారు; మనుషుల అవసరాలు అందరిలోనూ అదే వరుసలో నడుస్తాయనడానికి తగిన ఆధారాలు లేవన్న విమర్శను కనీసం ప్రస్తావించవలసింది. ఇళ్ల నుంచి పనిచేసే బృందాల గురించి ఒక్క చిన్న వీడియోతో సరిపెట్టడం నన్ను నిజంగా నిరాశపరిచింది. చివరి పరీక్ష జ్ఞాపకశక్తికే తప్ప అవగాహనకు కాదు.

ఇప్పటికే కొందరి పనికి బాధ్యత వహిస్తున్నవారికి దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను. ఇంకా బృందం లేనివారు కొంతకాలం ఆగి చేరడం మంచిది, ఎందుకంటే నాలుగో వారం అభ్యాసాలకు ముడిసరుకు సొంత అనుభవమే.