డౌన్‌లోడ్ మధ్యలో "దాడి ఆపాం" అని వస్తే వెంటనే డబ్బు కట్టకండి

ఫైలు దిగుతుండగా "మీ కంప్యూటర్ మీద దాడి ఆపాం" అంటూ వరసపెట్టి ఎర్ర అలర్ట్‌లు చూపించి, కింద "పూర్తి వెర్షన్ కొనండి" బటన్ పెట్టే ట్రయల్ ఫైర్‌వాల్‌లు (నెట్ రాకపోకలకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్లు) ఉన్నాయి. కొనేవాళ్లు జాగ్రత్త. అది చూపించే లెక్కలో చాలా వరకు దాడులే కావు. అయినా ఆపేశానని అదే చెబుతోంది, ఇంక డబ్బు దేనికి?

మామూలు డౌన్‌లోడ్‌లో కనెక్షన్ మీ వైపు నుంచే మొదలవుతుంది, ఎక్కువగా సర్వర్ 443 పోర్టుకి (పోర్టు అంటే కనెక్షన్ వెళ్లే తలుపు నంబర్ లాంటిది, 443 సురక్షిత వెబ్‌సైట్లది). దానికొచ్చే జవాబులను ఫైర్‌వాల్ గుర్తుపట్టి లోపలికి వదులుతుంది. ఫైలు దిగాక ఆ కనెక్షన్ గుర్తును చెరిపేస్తుంది. ఆ తర్వాత సర్వర్ నుంచి ఆఖరి ప్యాకెట్ (డేటా ముక్క) ఒకటో రెండో ఆలస్యంగా వస్తే, ఎవరూ అడగనివని ఆపేస్తుంది. అలర్ట్‌లో సోర్స్ పోర్టు (పంపినవాళ్ల పోర్టు) 443 అని ఉంటే చాలాసార్లు సంగతి ఇంతే.

టొరెంట్‌తో, అంటే ఫైలును ముక్కలుగా వేరేవాళ్ల కంప్యూటర్ల (పీర్ల) నుంచి దించుకునే పద్ధతితో, ఈ గోల మరీ ఎక్కువ. ఉబుంటు ఐఎస్‌ఓ (లినక్స్ ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని క్లయింట్ (టొరెంట్ ప్రోగ్రామ్) మూసేసినా, మీ ఐపీ అడ్రసూ పోర్టూ అవతలి పీర్ల జాబితాల్లో ఉండిపోతాయి. వాళ్లు కొంతసేపు తలుపు తడుతూనే ఉంటారు. క్లయింట్ యూపీఎన్‌పీతో (ప్రోగ్రామ్‌లే పోర్టులు తెరిపించుకునే సదుపాయం) రౌటర్‌లో తెరిపించిన పోర్టు మూసుకోకపోతే అవన్నీ కంప్యూటర్ దాకా వస్తాయి. రౌటర్ సెట్టింగుల్లో యూపీఎన్‌పీ ఆపేసి, రౌటర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఇక 192.168తో మొదలయ్యే అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్ లోపలిది) నుంచి యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) 1900, 5353 పోర్టులకు వచ్చేవి చాలావరకు మీ ఇంట్లో టీవీవో ప్రింటర్‌వో. వాటినీ హ్యాకర్ల ఖాతాలో రాసే సాఫ్ట్‌వేర్‌కి దణ్ణం పెట్టి తీసేయడమే.

భయపడాల్సింది బయటికి వెళ్లే కనెక్షన్ల గురించి. దించిన సెటప్ తెరవగానే టెంప్ ఫోల్డర్ (తాత్కాలిక ఫైళ్లుండే చోటు) నుంచి ఊరూ పేరూ తెలియని ప్రోగ్రామ్ నెట్ అడిగితే ఒప్పుకోకండి. విండోస్ సొంత ఫైర్‌వాల్ మాత్రం మామూలుగా లోపలికి వచ్చేవాటినే ఆపుతుంది, బయటికి వెళ్లేవాటిని వదిలేస్తుంది. అది ఏమీ అనలేదు కదా అని ఫైలు మంచిదనుకోవద్దు. విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే ఏ ప్రోగ్రామ్ ఏ అడ్రస్‌తో మాట్లాడుతోందో కనిపిస్తుంది.

అలర్ట్‌లో ఫోన్ నంబర్ ఉంటే అది మోసమే, విండోస్ ఫైర్‌వాల్ ఎప్పుడూ నంబర్ ఇవ్వదు. స్క్రీన్ మూలన వచ్చే డబ్బాలో బ్రౌజర్ పేరూ ఏదో సైటు పేరూ ఉంటే అది నోటిఫికేషన్ మాత్రమే. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి ఆ సైటును తొలగించండి. ఆ నంబర్‌కి ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఇప్పటికే ప్లాన్ కొనేసినవాళ్లు ముందు ఆటో రెన్యువల్ రద్దు చేసుకోండి, సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన అది ఆగదు. వేరే కంపెనీ ఫైర్‌వాల్ వేసుకున్నప్పుడు చాలాసార్లు విండోస్‌ది పక్కకు తప్పుకుంటుంది. అందుకని తీసేశాక కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీలో ప్రైవేట్, పబ్లిక్ రెండు నెట్‌వర్క్‌లకూ ఫైర్‌వాల్ ఆన్ అని ఉందో లేదో చూసుకోండి.