కొత్త కారు మీద గీత: పెయింట్ వేయించుకోవాలా, బండే మార్చమనాలా?

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే, ఫొటోలే మారుతున్నాయి. సాయంత్రం షోరూం లైట్ల కింద దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్న బండి. మర్నాడు పొద్దుటి ఎండలో చూస్తే వెనక డోర్ మీద గీత, లేదంటే ఫెండర్ మీద బొటనవేలంత సొట్ట. ఫోన్ చేస్తే సేల్స్ అబ్బాయి "తీసుకొచ్చేయండి సార్, ఒక్కరోజులో పెయింట్ కొట్టించి కొత్తదానిలా ఇచ్చేస్తాం" అంటాడు. ఒప్పుకోవాలా? బండి మార్చమని పట్టుబట్టాలా? ఎంతో కొంత తీసుకుని ఊరుకోవాలా?

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: ఆ పని అయ్యాక కంపెనీ పెయింట్ మిగులుతుందా, పోతుందా. గీత ఎంత పొడవుంది, షోరూం వాళ్లు ఎంత మర్యాదగా మాట్లాడుతున్నారు అన్నవి తర్వాతి సంగతులు. "కొత్తదానిలా" అన్న మాటలో ఆ చివరి "లా" దగ్గరే ఉంది పేచీ అంతా.

ఫ్యాక్టరీలో పెయింట్ పడే సమయానికి బండిలో సీట్లుండవు, వైరింగుండదు, అద్దాలుండవు. వట్టి రేకు డొక్క. దాన్ని ఈడీ కోటు (కరెంటుతో రేకుకు పట్టించే, తుప్పు ఆపే మొదటి పొర) తొట్టిలో నిలువునా ముంచి 160-180 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. పైన ప్రైమర్, రంగు, దాని మీద మెరుపునిచ్చే పారదర్శకమైన క్లియర్ కోటు పడ్డాక మళ్లీ 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఇన్ని పొరలూ కలిపి చాలా కార్లలో 90 నుంచి 140 మైక్రాన్లు, అంటే దాదాపు ఒక జెరాక్స్ కాగితం మందం. తయారైన బండిని వర్క్‌షాపులో అంత వేడికి పెట్టలేరు. బీడింగులు, ప్లాస్టిక్కు, వైర్లు కరిగిపోతాయి. అందుకని 60-70 డిగ్రీల బూత్‌లో అరగంట ఉంచితే ఆరిపోయే, హార్డెనర్ కలిపి కొట్టే టూ-కే పెయింట్ వాడతారు. మంచి పెయింటరు చేతిలో అది చూడ్డానికి బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఓవెన్‌లో కాలిన పొర వేరు, ఇది వేరు. ఒకసారి గీకి తీసేశాక ఆ పొర మళ్లీ రాదు.

కాబట్టి ముందు గీత ఏ పొర దాకా దిగిందో చూడండి. తడిపితే గీత మాయమై, ఆరాక మళ్లీ కనిపిస్తే అది క్లియర్ కోటులోనే ఉంది. గోరు అడ్డంగా పెట్టి మెల్లగా లాగినప్పుడు గోరు తగులుకుంటుంటే పాలిష్‌తో పూర్తిగా పోదు. లోపల బూడిద రంగో తెలుపో కనిపిస్తే ప్రైమర్ దాకా దిగినట్టు. రేకు మెరుస్తుంటే ఇక ఆలస్యం చేయకూడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో అయితే మరీను.

మూడో పరీక్ష పెయింట్ మందం చూసే మీటరు. పాత కార్లు కొనే కంపెనీల ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉండేది ఇదే. డోర్ మీద నాలుగు మూలలా, మధ్యలో పెట్టి చూడాలి. 104, 110, 98, 107 అని చూపిస్తూ వచ్చి ఒకచోట 245 అంటే అక్కడ రెండోసారి పెయింట్ పడింది. 600 దాటిందంటే కింద పుట్టీ ఉంది. అంటే మీరు చూసిన గీత కంటే ముందే ఇంకో దెబ్బ తగిలి, ఎవరో గుట్టుగా సర్దేశారన్నమాట. ఈ మీటరు ఇనుప రేకు మీదా అల్యూమినియం మీదా పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద అంకె రాదు. మీటరు లేకపోతే డోర్ అంచు రబ్బరు బీడింగును పాత ఏటీఎం కార్డుతో కాస్త ఎత్తి చూడండి. టేపు అంటించిన చోట రంగు గట్టులా ఆగి ఉంటుంది. బీడింగు మీద సన్నటి పెయింట్ పొడి పట్టి ఉంటుంది.

పాలిష్, పీడీఆర్

గీత క్లియర్ కోటు దాటకపోతే పాలిషే. ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. క్లియర్ కోటు మొత్తం 35-50 మైక్రాన్లే ఉంటుంది. బాగా చేసే రబ్బింగులో దానిలోంచి రెండు మూడు మైక్రాన్లే పోతాయి. పోయేదీ అంతే ఉండాలి. గీత పూర్తిగా పోయేదాకా అరగదీస్తామంటే వద్దనండి, కొంచెం ఆనవాలు ఉన్నా నష్టం లేదు.

ఇక్కడో చిన్న మోసం ఉంది. గీతల్లో నూనె, మైనం నింపే గ్లేజు రాసి "పోయింది సార్" అంటారు. నాలుగు వాషింగులయ్యాక గీత మళ్లీ ప్రత్యక్షం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, మొబైల్ టార్చి వాటంగా పెట్టి చూస్తే నిజం బయటపడుతుంది. అది చూడకుండా సిరామిక్ కోటింగుకి ఒప్పుకోకండి, ఉన్న గీతలన్నీ దాని కింద భద్రంగా ఉండిపోతాయి.

పెయింట్ చిట్లకుండా సొట్ట మాత్రమే పడితే పీడీఆర్, అంటే పెయింట్ ముట్టుకోకుండా లోపలి నుంచి కడ్డీలతో కొద్దికొద్దిగా నెట్టి తీయడం. కడ్డీ దూరని చోట బయట గమ్ముతో లాగుతారు. చారల లైటు బోర్డు పక్కన పెట్టి, ఆ చారలు వంకర పోకుండా తిన్నగా కనిపించేదాకా చేస్తారు. డోర్ మధ్య, ఫెండర్, బానెట్ మీద ఇది అద్భుతంగా కుదురుతుంది. ప్యానెల్ అంచు మీదో, పదునైన బాడీ లైను మీదో, పిల్లర్ మీదో పడితే కష్టం. షోరూం వర్క్‌షాపులు దీని పేరెత్తకుండా నేరుగా పుట్టీ, పెయింట్ అంటాయి. వాళ్లకు అలవాటైన దారి అది. మీరే అడగాలి. బయట మనిషిని పిలిపించి బిల్లు షోరూంనే కట్టమనొచ్చు.

షోరూంలో పెయింట్

దెబ్బ ఎక్కడుందన్న దాన్ని బట్టి నా జవాబు మారుతుంది. ప్లాస్టిక్ బంపర్ అయితే బెంగ లేదు. అది ఎలాగూ రేకు కాదు, తుప్పు పట్టదు, ఓవెన్ పెయింట్ పోయిందన్న బాధ తక్కువ. వీలైతే కొత్త బంపరే వేసి పెయింట్ చేయమనండి. ఫెండర్, డోర్, బానెట్, డిక్కీ బోల్టులతో బిగించేవి, తప్పనిసరైతే ఒప్పుకోవచ్చు. రూఫ్, వెనక చక్రం మీది క్వార్టర్ ప్యానెల్ మాత్రం బాడీకి వెల్డింగ్ అయి ఉంటాయి. వాటి మీద లోతైన దెబ్బకు "పెయింట్ కొట్టేస్తాం" అంటే నేను ఒప్పుకోను.

ఏం తేడా వస్తుందంటే, మొదటిది రంగు. తెలుపు సాలిడ్ అయితే దాదాపు కలిసిపోతుంది. సిల్వర్, గ్రే, పర్ల్ రంగుల్లో రేణువులు పడే తీరు పెయింటరు చేతిని బట్టి మారుతుంది. నీడలో ఒకలా, పెట్రోలు బంకు ట్యూబులైట్ కింద ఇంకోలా కనిపిస్తుంది. అందుకే రంగును పక్క ప్యానెల్ మీదికి పలచబరుస్తూ కలపాలి. అంటే ఒక గీత కోసం రెండు ప్యానెళ్ల మీద పని. రెండోది, నాలుగైదు వారాలకు పెయింట్ కుంగి కింది ఇసుక కాగితం గీతలు పైకి తేలడం. తొందరపడి పొర మీద పొర కొడితే వచ్చే జబ్బు ఇది. మూడోది చాలామందికి తట్టదు: పీపీఎఫ్, అంటే పెయింట్ కాపాడ్డానికి పైన అంటించే పారదర్శక ఫిల్మ్. కొత్త పెయింట్ మీద కనీసం నెలరోజులు ఆగి ఫిల్మ్ వేయించినా, ఐదారేళ్లకు దాన్ని పీకేటప్పుడు కంపెనీ పెయింట్ నిలుస్తుంది, సరిగ్గా పట్టని రీపెయింట్ ఫిల్మ్‌తోపాటు లేచి వచ్చేస్తుంది.

ఒప్పుకునేట్టయితే జాబ్ కార్డు మీద రాయించాల్సినవి: పెయింట్ కోడ్, డోర్ హ్యాండిల్, మౌల్డింగులు, బీడింగులు విప్పి పెయింట్ కొట్టడం (టేపు వేసి కాదు), క్లియర్ కోటు ప్యానెల్ అంచు నుంచి అంచు దాకా వేయడం, గీకిన తర్వాత ప్రైమరుకు ముందు ఫొటో, పని అయ్యాక మీటరు రీడింగు. 250 లోపుంటే సరిగ్గా చేసినట్టే. ఆ ప్యానెల్‌కు పెయింట్, తుప్పు వారంటీ కొనసాగుతుందని మెయిల్‌లో తీసుకోండి. నోటి మాట ఎందుకూ పనికిరాదు.

బండే మార్చమనడం

రిజిస్ట్రేషన్ కాకముందు ఇదే మేలు. ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, ఫారం 21, ఫారం 22 అన్నీ ఛాసిస్ నంబరుకు కట్టుబడి ఉంటాయి. మీ పేరు మీద నంబరు పడనంత కాలం ఇంకో ఛాసిస్ నంబరుతో కాగితాలు మార్చడం షోరూంకి ఒకటి రెండు రోజుల పని. లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు వచ్చేసిందా, ఆ బండిని ఇంకెవరికీ కొత్తదని అమ్మలేరు. అప్పుడు మీ కోరికకు అయ్యే ఖర్చు వాళ్లకు లక్షల్లోకి వెళ్తుంది, కాబట్టి సాగదీస్తారు. అందుకే బ్యాలెన్సు కట్టకముందే స్టాక్‌యార్డుకు పగటిపూట వెళ్లి, బండి కడిగించి, ఛాసిస్ నంబరు రాసుకుని, ప్యానెల్ ప్యానెల్ చూడమని చెప్పేది. దసరా, ధనత్రయోదశి రోజుల్లో ఒక్క షోరూంలో పదుల కొద్దీ డెలివరీలుంటాయి. ముహూర్తం దాటిపోతుందన్న కంగారులో ఎవరూ రూఫ్ వైపు తలెత్తి చూడరు. పూజ ముహూర్తానికే చేసుకోండి, చూడ్డం మాత్రం ముందురోజే అయిపోవాలి.

మార్చిన బండిని కూడా మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. తయారైన నెల మొదటిదానికంటే పాతదేమో కూడా చూడండి. గీత లేని బండి ఇచ్చామంటూ ఎనిమిది నెలలు ఎండలో నిలబడ్డ బండి అంటగడితే మీకు ఒరిగిందేమీ లేదు.

రిజిస్ట్రేషన్ అయ్యాక గట్టిగా మార్చమనడానికి నేను చూసే కారణం ఒకటే: మీకు చెప్పకుండా ముందే పెయింట్ వేసి కొత్తదని అమ్మడం. మీటరు రీడింగుల ఫొటోలుంటే అక్కడ మీ వాదన బలంగా ఉంటుంది. మామూలు గీతకు ఆ బలం రాదు. పాడైన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో వారంటీ బాధ్యతే తప్ప, అందుకు మొత్తం కారు మార్చనక్కర్లేదని సుప్రీంకోర్టు 2006లోనే ఒక కారు కేసులో చెప్పింది.

డబ్బు తీసుకుని వదిలేయడం

రిజిస్ట్రేషన్ అయిపోయి, గీత చిన్నదై, లోతుగా ఉన్నప్పుడు నేను మొగ్గేది ఇటే. రెండు అంగుళాల గీత కోసం డోర్ మొత్తం గీకి పెయింట్ వేయించడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పెయింట్ కోడ్ ప్రకారం టచప్ పెన్ను తెప్పించి, సన్నటి బ్రష్‌తో పలచగా మూడు నాలుగు పొరలు, ఒక్కో పొరకీ 20 నిమిషాలు ఆగి వేయాలి. రేకు కనిపిస్తుంటే ముందు ప్రైమర్. రెండు మూడు రోజులు ఆరాక పైకి ఉబ్బినంత మేర మాత్రమే 2500 నంబరు ఇసుక కాగితంతో తడిపి రుద్ది పాలిష్ చేస్తే, ఒక మీటరు దూరం నుంచి మీరు తప్ప ఎవరూ పోల్చలేరు. కారు అమ్మే రోజున ఇన్‌స్పెక్టరు దాన్ని చిన్న గీత అని రాసుకుంటాడు. అదే డోర్ మొత్తం పెయింట్ వేయిస్తే "రీపెయింట్" అని రాసి, యాక్సిడెంట్ అయిందా అని అడుగుతాడు.

పరిహారం అంటే ఫ్లోర్ మ్యాట్లు, పర్ఫ్యూమ్ బాటిల్ కాదు. క్రెడిట్ నోటు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఆ ప్యానెల్‌కు పీపీఎఫ్, వీటిలో ఏదో ఒకటి కాగితం మీద అడగండి.

"జీరో డెప్ (తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే పాలసీ) ఉందిగా, ఇన్సూరెన్సులో పెట్టేద్దాం" అంటే మాత్రం వద్దు. బండి మీ చేతికి రాకముందు తగిలిన దెబ్బకు జరగని యాక్సిడెంట్ రాసి మీతో సంతకం పెట్టిస్తారు. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకోకపోతే మొదటి రెన్యువల్‌లో రావాల్సిన 20 శాతం బోనస్ పోతుంది.

ఎటూ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫిర్యాదు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. కారు ధర 5 నుంచి 10 లక్షలైతే ఫీజు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలైతే 400. ఫీజు తక్కువే, ఓపికే ఎక్కువ కావాలి.

అన్నిటికీ ఆధారం డెలివరీ నోటు. "వాహనం మంచి స్థితిలో అందినది" అని అచ్చేసి ఉంటుంది. సంతకం పక్కనే చేత్తో రాయండి: "ఎడమ వెనక డోర్, హ్యాండిల్ కింద 4 సెంటీమీటర్ల గీత. గోరు తగులుతోంది. పరిష్కారం పెండింగ్." తేదీ, సమయం వేసి ఫొటో తీసి, ఛాసిస్ నంబరు కనిపించే ఇంకో ఫొటోతో కలిపి అదే రోజు షోరూంకి, కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ చేయండి. గుడికి తీసుకెళ్లడం ఆ తర్వాత. పసుపు కుంకుమ పడ్డాక, కొబ్బరికాయ కొట్టాక చూపించిన ఏ గీతనైనా "పూజలో పడిందేమో సార్" అనేస్తారు.